కావేరి ఒడ్డున తెలుగుపాట

ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాటి ఉదయమున తంజావూరునకు సమీపమున, కావేరి తీరమందలి తిరువయ్యారులో, ఒక పెద్ద పందిరి క్రింద వేలకొలది జనులు చేరుదురు. విద్వాంసులు ఎదురెదురుగా వరుసలు తీరి కూర్చుండి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను ఐదు రాగములందలి ఐదు పెద్ద కృతులను ఏకకంఠముగా పాడుదురు. వానిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో తెలుగు మాతృభాషగా కలవారు కొందరే. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, సముద్రములు దాటి వచ్చినవారు, అందరును ఆ తెలుగు మాటలను కంఠస్థము చేసి, ఒక్క అక్షరమైనను తప్పిపోకుండ పాడుటకు ప్రయత్నింతురు.

ఆ కృతులను రచించిన శ్రీ త్యాగరాజస్వామి తెలుగుదేశమున కాపురమున్నవారు కారు. తమిళసీమలో పుట్టి, తమిళసీమలో పెరిగి, అక్కడనే దేహము చాలించిరి. అయినను పాడినది ఇంటి భాషలో.

సృజనశక్తి అనునది పుట్టుకతో వచ్చునా, పెంచిన పెరుగునా అని మన పై తరగతుల విద్యార్థులు వక్తృత్వపు పోటీలలో వాదించుకొనుట మేము వినుచునే యుందుము. తెలుగుదేశమునకు దూరముగా నున్న మన పిల్లలకు తెలుగు చదువు ఏమి ఉపయోగమని తల్లిదండ్రులు అడుగుటయు వినుచుందుము. ఈ రెండు ప్రశ్నలును ఒక చోట కలిసికొను జీవితము త్యాగరాజస్వామిది. కావుననే ఈ సంచికలో ఆయన చరిత్రను వ్రాయ తలపెట్టితిమి. ఆయన కథలో భక్తులు చెప్పుకొను మహిమలు అనేకములు కలవు. వానిని మేము కాదనము. కాని ఇక్కడ మహిమలకంటె మనుష్యుని మీదనే మా దృష్టి.

త్యాగరాజస్వామి 1767 మే 4వ తేదీన తిరువారూరులో జన్మించిరి. తండ్రి కాకర్ల రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. కాకర్ల యనునది కంభం ప్రాంతమునందలి ఒక గ్రామము. ఆ ఊరి పేరును ఇంటిపేరుగా మోసికొని కొన్ని తరములకు పూర్వమే వారి పెద్దలు చోళదేశమునకు వచ్చి స్థిరపడిరి. తిరువారూరు ఆలయమున వెలసిన స్వామి పేరు త్యాగరాజు; బిడ్డకు ఆ పేరే పెట్టిరి.

ఇచ్చట ఒక విశేషమును చెప్పవలెను. కర్ణాటక సంగీతమునకు త్రిమూర్తులని పేరుగాంచిన శ్యామశాస్త్రి, త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు ముగ్గురును ఆ ఒక్క తిరువారూరులోనే, పదునైదేండ్ల లోపుగా పుట్టిరి. ఇది కేవలము దైవఘటన యని కొందరు ఊరకుందురు. మేము అంతటితో తృప్తి పడజాలము. ఆ నేల ఎట్టిదో చూడుడు. 1532 మొదలు 1673 వరకు తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలిరి. రఘునాథ నాయకుడు తానే కవి, తానే వైణికుడు. ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుని కొలువున క్షేత్రయ్య పదములు పాడెను. పిమ్మట రాజ్యము మహారాష్ట్రుల చేతికి వచ్చినను తెలుగు పాటకు ఆదరము తగ్గలేదు. శాహజీ రాజు మహారాష్ట్రుడై యుండియు తెలుగున యక్షగానములు రచించెను. మెలట్టూరులో భాగవతులు తెలుగు నాటకములను నరసింహస్వామి సన్నిధిని ఆడుచుండిరి. పొలమున తమిళము, కొలువున మరాఠీ, పాఠశాలలలో సంస్కృతము, పాటలో తెలుగు. ఈ నాలుగును ఒకే వీథిలో వినబడుచుండెడివి. అట్టి నేలకు రెండువందల యేండ్లు ఎందరో ఎరువు వేసిరి. ఆ పిమ్మట పంట పండెను.

త్యాగరాజు బాల్యముననే ఆ కుటుంబము తిరువయ్యారునకు తరలివచ్చెను. కావేరియు దాని పాయలును కలిసి ఐదు నదులు ప్రవహించు చోటగుటచే ఆ ఊరిని సంస్కృతమున పంచనద మందురు. తిరుమంజన వీథిలో వారి ఇల్లు. తండ్రి రామాయణమును చదివి అర్థము చెప్పుటలో నేర్పరి. తల్లి వంటపనిలోను, పూజ వేళను పురందరదాసుని పాటలు, రామదాసు కీర్తనలు పాడుచుండెడిదని చెప్పుదురు. కన్నడ పాట యొకటి, గోదావరి తీరపు తెలుగు పాట యొకటి, రెండును కావేరి ఒడ్డున ఒక తల్లి గొంతులో కలిసినవి. పోతన భాగవతము ఆ ఇంట నిత్యపారాయణ గ్రంథమువంటిది. త్యాగరాజు రచించిన ప్రహ్లాద భక్తి విజయమును చదివినవారికి పోతన ఆయనకు ఎంతటి ఆప్తుడో తెలియకపోదు.

మొదటి పాటను గూర్చి ఒక కథ కలదు. పూజకు పూలు కోసి తెచ్చుట బాలుని పని. తోటకు పోవు త్రోవలో శొంఠి వేంకటరమణయ్య గారి ఇల్లు. ఆయన తంజావూరు కొలువులో పేరుగన్న విద్వాంసుడు. ఇంట శిష్యులకు పాఠము చెప్పుచుండెడివారు. బాలుడు పూలసజ్జతో గుమ్మము బయట నిలిచి వినుచు, ఆలస్యముగా ఇల్లు చేరుచుండెను. కారణము తెలిసికొని తండ్రి కోపగింపక, ఆ గురువు నొద్దనే పాఠమునకు చేర్చెనట. ఇంకను చిన్నతనముననే త్యాగరాజు దేశికతోడి రాగమున ఒక చిన్న నామకీర్తనను కట్టి ఇంటి గోడమీద వ్రాసెనట. రామబ్రహ్మము గారు గోడ పాడుచేసితివని దండింపలేదు. తెలిసిన పెద్దలను పిలిచి చూపించిరి. ఈ కథలు అక్షరాల జరిగినవా యని తర్కించుట మా ఉద్దేశము కాదు. రెండువందల యేండ్లుగా ఆ ప్రాంతపు పెద్దలు దీనిని ఏల చెప్పుకొనుచున్నారో మాత్రము మాకు బోధపడుచున్నది. పిల్లవాడు గోడ మీద ఏదో గీసినప్పుడు మనము మొదట చూచునది గోడను. ఆ తండ్రి మొదట చూచినది వ్రాతను.

ఆ దినములు సుఖమైనవి కావు. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు సీమపై బడినవి. ఊళ్లు పాడయ్యెను, కాలువలు తెగెను, జనులు చెల్లాచెదరైరి. అప్పుడు త్యాగరాజునకు పదునాలుగేండ్లు. తరువాత 1799లో రాజ్యాధికారము ఇంగ్లీషు కుంపిణీ వశమయ్యెను. శరభోజి మహారాజునకు తంజావూరు కోటయు, బిరుదును, భరణమును మిగిలెను. కళలు వర్ధిల్లుటకు కాలము శాంతముగా నుండవలెనని మనమందుము. త్యాగరాజు పాట అట్టి అనుకూలమును కోరి వేచియుండలేదు.

ఆయన దినచర్యను గూర్చి శిష్యపరంపర చెప్పుచు వచ్చిన వృత్తాంతము ఇట్టిది. వేకువన కావేరీ స్నానము, రామపూజ, జపము. పిమ్మట తంబుర భుజమున నుంచుకొని, చిడతలు మ్రోగించుచు, పాడుకొనుచు వీథులలో నడచుట. గృహిణులు గుమ్మములలోనికి వచ్చి చెంబులో పిడికెడు బియ్యము పోయుదురు. దీనిని ఉంఛవృత్తి యందురు. ఆ బియ్యముతోనే ఇంట వంట, శిష్యులకు భోజనము. మధ్యాహ్నమున శిష్యులకు పాఠము, ఏకాదశి రాత్రులలో భజన. ఇదియే వరుస, ఏండ్ల తరబడి. ఇరువది ఏండ్లకు పైగా తారకనామమును తొంబదియారు కోట్లు జపించిరని ప్రతీతి. సంఖ్య మాట అటుంచుడు. మేము గమనింపగోరునది వేరు. క్రొత్త రాగముల స్వరూపమును కనుగొన్న ఈ మహాకల్పకుని దినములలో క్రొత్తదన మనునది ఏమియు కనబడదు. ఒకే వీథి, ఒకే పూజ, ఒకే నామము. మనస్సు స్థిరముగా ఒక చోట నిలుచుటకు అలవాటుపడినది; కాబట్టియే పాట ఎంత దూరమైనను పోగలిగినది.

శరభోజి మహారాజు ఆయనను కొలువునకు పిలిపించి, ధనము పంపగా, త్యాగరాజు దానిని త్రోసివేసి, నిధి సుఖమా, రామసన్నిధి సుఖమా యని తన్ను తాను ప్రశ్నించుకొనుచు కల్యాణి రాగమున ఒక కృతి పాడిరని అందరును చెప్పుదురు. కోపగించిన అన్నగారు పూజావిగ్రహములను కావేరిలో పారవైచెననియు, త్యాగరాజు వానిని వెదకి వెదకి తిరిగి పొందెననియు కథ. ఈ కథలో అన్నగారిని రాక్షసునివలె చిత్రించుట వాడుక. మాకు ఆయనపైనను కొంత జాలి కలుగును. పిడికెడు బియ్యముపై నడచు సంసారమును చూచుచు, వాకిటికి వచ్చిన సిరిని కాదనిన తమ్ముని చూచి, ఏ గృహస్థుడు కలత చెందకుండును?

మరియొక సంగతి. త్యాగరాజు రాజపోషణను వదలుకొనిరని పొగడునప్పుడు, ఆయన ఎవరి పోషణమును పొందలేదని భ్రమపడరాదు. రాజు పెట్టవలసిన అన్నమును తిరువయ్యారు వీథులు పెట్టినవి. ఆ పిడికెడు బియ్యము పోసిన ఇల్లాండ్ర పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారిలో పలువురకు ఆయన భాష సరిగా తెలియదు. అయినను ప్రతిదినము గుమ్మమునకు వచ్చిరి.

ఇక ఆయన చేసిన పని ఎట్టిదో కొంచెము వివరింతుము. సంగీతము నేర్చుకొనని విద్యార్థులు కూడ దీనిని గ్రహింపవచ్చును. కృతికి పల్లవి, అనుపల్లవి, చరణము అని మూడు భాగములు. పల్లవిలోని ఒక పాదమును ఒకసారి సాదాగా పాడుదురు. రెండవసారి అదే పాదమును, అవే మాటలను, ఒక చోట మాత్రము స్వరము కొద్దిగా మార్చి పాడుదురు. మూడవసారి ఆ మార్పును విడువక, దానిపై మరియొక మార్పు. ఇట్లు పెరుగుచు పోవు ఒక్కొక్క మెట్టును సంగతి యందురు. సంగతులకు కృతిలో ఇంతటి ప్రాధాన్యమును తెచ్చినవారు త్యాగరాజస్వామియే యని సంగీతజ్ఞుల అభిప్రాయము. మన ఇండ్లముందు అమ్మలు ముగ్గు పెట్టుట చూచుచునే యున్నారు గదా. మొదట చుక్కలు, పిమ్మట ఒక గీత, ఆ గీతను చుట్టి మరియొక గీత. చివరకు తేరు ముగ్గు తయారగును. కాని మొదటి చుక్కలు ఒక్కటియు చెరిగిపోవు. సంగతి అట్టిది. తెలిసిన మాటలోనే దాగియున్న తెలియని భావమును కొంచెము కొంచెముగా బయటికి లాగుట.

ఆయన కృతులలో నేడు మనకు దొరకునవి సుమారు 700. వానిలో ఒకవైపు పంచరత్నములవంటి మహారచనలు. మరియొకవైపు పిల్లలు కూడ పాడదగిన దివ్యనామ కీర్తనలు, స్వామిని మేలుకొలుపుట మొదలు నిదురపుచ్చుట వరకు గల ఉత్సవసంప్రదాయ కీర్తనలు. ఖరహరప్రియ యను రాగము పేరు శాస్త్రగ్రంథములలో ఇరువదిరెండవ మేళముగా నున్నది. దానికి ప్రాణము పోసి, కృతి మీద కృతి రచించి, ఈనాడు కచ్చేరీలలో ప్రధానస్థానము కల్పించినది త్యాగరాజు. కొన్ని అపూర్వ రాగములకు ఆయన రచించిన ఒక్క కృతియే ఆధారము. ఆ కృతి లేకున్న ఆ రాగస్వరూపము మనకు తెలియకపోయెడిది. ఆయన శంకరాభరణమున కట్టిన కొన్ని చిన్న పాటలలో తంజావూరున మ్రోగిన ఇంగ్లీషు బ్యాండు మేళపు నడక వినబడునని పండితులు చెప్పుదురు. చెవికి సోకినదానిని పరాయిదని త్రోసివేయక, తన ఇంటి వస్తువుగా మార్చుకొనెడివారని దీనివలన ఊహింపవచ్చును.

భాషను గూర్చి చెప్పక తప్పదు. త్యాగరాజు తెలుగులో వ్యాకరణదోషము లున్నవని కొందరు పండితులు ఆక్షేపించిరి. ఉన్నవి, దాచవలసిన పనిలేదు. కాని అవి ఎట్టి దోషములు? కావ్యభాషలో చెల్లని వాడుకలు, ఇంట మాటలాడుకొనునప్పుడు దొరలు పలుకుబడులు. ఆయన రామునితో మాటలాడునది నిఘంటువులోని తెలుగున కాదు. అలిగినప్పుడు నిష్ఠురము, ఆకలి వేళ ప్రార్థన, కోపములో ఎత్తిపొడుపు, మరునిమిషమున బుజ్జగింపు. ఒక సంసారపు తెలుగు. తెలుగుదేశమును విడిచి తరములు గడచిన కుటుంబమున, చుట్టును వేరొక భాష మ్రోగుచుండగా, తల్లి నోట బిడ్డ నోటికి దిగుచు వచ్చిన తెలుగు అది. పండితులకు దోషములుగా తోచినవి మాకు ఆ ఇంటి గోడల గురుతులుగా తోచుచున్నవి. అమరేంద్రుని కొలువుకు తగిన భాషను ఆయన కోరియుండినచో సంస్కృతమున వ్రాసెడివారు. అందును ఆయన సమర్థులే. మనస్సు విప్పి మాటలాడవలసి వచ్చినప్పుడు మాత్రము ఆయనకు ఇంటి భాషయే కావలసెను.

ఆయనకు దుఃఖములు తక్కువ కాలేదు. మొదటి భార్య పార్వతమ్మ మరణించెను. ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడిరి. సీతాలక్ష్మి యను కూతురు కలిగెను. ఆమె కుమారునితో ఆ వంశము ఆగిపోయెను. ఆయన కృతులలో పలుచోట్ల నిస్పృహ వినబడును. తన మొర వినవేమని, తన పాట వ్యర్థమా యని అడుగును. కల్పనాశక్తి కలవారికి సందేహముండదని మనము తలచుట పొరపాటు. ఆయన సందేహమును పాటనుండి వెళ్లగొట్టలేదు. దానినే పాటగా కట్టిరి.

వృద్ధాప్యమున, 1839 ప్రాంతమున, ఆయన తిరువయ్యారు వదలి దూరయాత్ర చేసిరి. కాంచీపురము, తిరుపతి, చెన్నపట్టణము, కోవూరు, తిరువొత్తియూరు చూచి, శ్రీరంగము, లాల్గుడి క్షేత్రములను సేవించిరి. తిరుపతిలో స్వామిముందు తెర వేసియుండగా, తనలోని మత్సరమను తెరను తొలగింపుమని గౌళిపంతు రాగమున ప్రార్థించిరి. కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగము, లాల్గుడి, ఒక్కొక్క చోట ఐదేసి కృతులు రచించిరి. డెబ్బది దాటిన వయస్సున క్రొత్త ఊరు చూచిన ప్రతిసారి ఐదు క్రొత్త పాటలు!

ఇంత రచించినవారు తమ పాటలను తామే పుస్తకముగా కూర్చలేదు. గురువు పాడుచుండగా శిష్యులు వ్రాసికొనిరి. పల్లవి నొకరు, చరణము నొకరు పంచుకొని పట్టిరని కూడ చెప్పుదురు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, తిల్లస్థానము రామయ్యంగారు, ఉమయాళ్పురము సోదరులైన కృష్ణ, సుందర భాగవతులు, మానంబుచావడి వేంకటసుబ్బయ్యరు, వీణ కుప్పయ్యరు మొదలైనవారు ఆ శిష్యులలో ముఖ్యులు. వేంకటరమణ భాగవతుల మాతృభాష సౌరాష్ట్రము, రామయ్యంగారిది తమిళము. తమది కాని భాషను గురువుకొరకు నేర్చుకొని, అక్షరము తప్పకుండ వ్రాసి పెట్టినవారు వీరు. వేంకటరమణ భాగవతులును ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులును కూర్చిన వ్రాతప్రతులు మదురలోని సౌరాష్ట్ర సభవారి యొద్దకు చేరినవి. త్యాగరాజు జీవితమును మొదట గ్రంథస్థము చేసినవారును ఆ తండ్రికొడుకులే. మనము నేడు ఆయనను గూర్చి ఏమైన చెప్పగలుగుచున్నామన్న అది తెలుగు పరభాషగా గలవారు చేసిన భిక్ష.

1847 జనవరి 6వ తేదీన, సన్న్యాసము స్వీకరించిన స్వల్పకాలమునకే, త్యాగరాజస్వామి సిద్ధి పొందిరి. కావేరి ఒడ్డున సమాధి కట్టిరి. కాలక్రమమున ఆ చోట పొదలు పెరిగి, గురుతు పట్టుటయే కష్టమయ్యెను. శిష్యులు కొందరు దానిని బాగుచేసిరి. పిమ్మట 1920 తరువాతి యేండ్లలో బెంగళూరు నాగరత్నమ్మ గారు తమ సొమ్మంతయు వెచ్చించి అక్కడ ఆలయము కట్టించిరి. ఆమె మైసూరు సీమలో పుట్టినవారు. ఆరాధనలో స్త్రీలు పాడరాదని అప్పటివారు ఆంక్ష పెట్టగా, ఆమె స్త్రీల ఆరాధనను వేరుగా నడిపి, చివరకు అందరును కలిసి పాడు ఏర్పాటునకు కారకులైరి. ఆమె 1952లో కన్నుమూసిరి. ఆమె సమాధియు త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే యున్నది.

తమిళలిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒక్కటే అక్షరము. కావున తమిళలిపిలో త్యాగరాజ కృతులను అచ్చువేయువారు ఆ అక్షరము ప్రక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి భేదమును చూపుదురు. పాటకులు ఆ అంకెలను చూచుచు, పెదవులు కదల్చి కదల్చి, తెలుగు పలుకును సాధింతురు. ఆ అంకెల అవసరము లేకయే ఆ పాటలు చదువగల పిల్లలు మన పాఠశాలలో ఆరవ తరగతిలోనే కలరు.